జబ్బుపడిన తాబేలు పిల్ల: ఏం చేయాలి, ఎవరిని పిలవాలి

తొలకరి వానలకు మెట్ట నేల మెత్తబడగానే రాయలసీమ చేల గట్ల మీద, తమిళనాడు, కర్ణాటక చిట్టడవుల్లో, గుజరాత్, రాజస్థాన్ బీళ్లలో నక్షత్ర తాబేలు పిల్లలు మట్టిని తొలుచుకొని పైకి వస్తాయి. అగ్గిపెట్టె కంటె చిన్న ప్రాణి. డిప్ప పొడవు నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూ, బరువు సుమారు పాతిక గ్రాములు. కాకి పొడిచినా, కుక్క నోట కరచినా, సైకిలు చక్రం ఒరసినా తట్టుకోలేదు. ఏ బడిపిల్లవాడో దాన్ని జేబులో వేసుకొని ఇంటికి తెస్తాడు. రెండు రోజులు ఇల్లంతా దాని చుట్టూ తిరుగుతుంది. మూడో రోజుకు అది కళ్లు తెరవదు. అప్పుడు ఆ ఇంటి పెద్దలకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. దీన్ని ఎవరికి చూపించాలి? చూపిస్తే మన మీద కేసు పెడతారా?

రెండో ప్రశ్నకు జడిసి మొదటిదాన్ని వదిలేసే కుటుంబాలు ఉన్నాయి. ఈ వ్యాసకర్తకు తెలిసిన ఒక హైదరాబాద్ కుటుంబం సరిగ్గా అదే చేయబోయింది. సెలవులకు అమ్మమ్మగారి ఊరికి, అనంతపురం వైపు వెళ్లిన పిల్లవాడు తాబేలు పిల్లను వెంట తెచ్చుకున్నాడు. దాన్ని బకెట్‌లో కొద్దిగా నీళ్లు పోసి ఉంచారు, పెరుగన్నం పెట్టారు. మూడో నాటికి దాని ముక్కు దగ్గర బుడగలు కనిపించాయి. దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకుపోతే, తాము కుక్కలకూ పిల్లులకూ మాత్రమే చూస్తామని చెప్పి పంపించారు. ఆ రాత్రి దాన్ని తీసుకెళ్లి చెరువులో విడిచిపెట్టి చేతులు దులుపుకొందామని బయలుదేరుతూ, వెళ్లేముందు ఎందుకో ఫోన్ చేశారు. వారు ఆ మూడు రోజులలో చేసిన తప్పులలో ఒక్కటైనా చెడ్డ మనసుతో చేసింది కాదు. తెలియక చేసినవే. ఆ తెలియనితనం కొంతైనా తగ్గాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

నేల తాబేలా, నీటి తాబేలా

తెలుగులో తాబేలు అన్న ఒక్క మాటే నేల మీద బతికేదానికీ నీటిలో బతికేదానికీ చెల్లుతుంది. సగం అనర్థం అక్కడే ఉంది. తాబేలు కనబడగానే నీళ్లు గుర్తుకు రావడం, వెంటనే బావిలోనో కోనేటిలోనో వేయడం మనవాళ్లకు అలవాటు. నక్షత్ర తాబేలు పూర్తిగా మెట్ట ప్రాణి, దానికి ఈత రాదు. లోతు నీటిలో వేస్తే మునిగిపోతుంది. పుణ్యమనుకొని చేసిన పని దాని ప్రాణం తీస్తుంది.

తేడా కనిపెట్టడానికి కాళ్లు చూస్తే చాలు. మెట్ట తాబేలు కాళ్లు ఏనుగు కాళ్లలాగా గుండ్రంగా, గరుకు పొలుసులతో ఉంటాయి. వేళ్ల మధ్య తోలు ఉండదు. డిప్ప గుమ్మటంలా పైకి లేచి ఉంటుంది. నీటి తాబేలుకు వేళ్ల మధ్య పలుచని తోలు కనిపిస్తుంది, డిప్ప అంత ఎత్తుగా ఉండదు. నల్లటి డిప్ప మీద పసుపు కిరణాలు నక్షత్రం గీసినట్టు విచ్చుకొని ఉండటం పెద్ద నక్షత్ర తాబేలు గుర్తు. అయితే అప్పుడే పుట్టిన పిల్లలో ఆ నక్షత్రం ఇంకా ఏర్పడదు. ఒక్కో పలక మీద పసుపు ఎక్కువగా, అంచుల వెంట నల్లని మచ్చలతో ఉంటుంది. వయసుతో పాటు కిరణాలు పెరుగుతాయి. కనుక నక్షత్రం లేదు కాబట్టి ఇది ఆ జాతి కాదనుకోవడం పొరపాటు.

అక్వేరియం దుకాణాల్లో అమ్మే పచ్చని చిన్న తాబేలు వేరు. కంటి వెనుక ఎర్రని చార ఉండే ఆ జాతి అమెరికాది. అది నీటి ప్రాణే అయినా మన చెరువుల్లో వదలకూడదు. ఇక్కడి జాతుల తిండికీ చోటుకూ అది పోటీ అవుతుంది.

ఒంటరి పిల్ల అనాథ కాదు

చేప చూపుతో, పక్షి స్పర్శతో, తాబేలు తలపుతో పిల్లలను పెంచుతాయని మన పెద్దలు చెప్పుకొనేవారు. గురువు శిష్యునికి ఇచ్చే దీక్షలను వివరించడానికి వాడిన పోలిక అది. అందులో ప్రకృతి పరిశీలన కూడా కొంత ఉంది. తల్లి తాబేలు మట్టిలో గుంత తీసి గుడ్లు పెట్టి, కప్పివేసి వెళ్లిపోతుంది. మళ్లీ వెనుదిరిగి చూడదు. పిల్ల పుట్టిన నిమిషం నుంచి ఒంటరిదే. అందువల్ల పొలంలోనో పొదలోనో ఒంటరిగా, చురుకుగా నడుస్తున్న పిల్ల కనిపిస్తే దానికి సాయం అక్కర్లేదు. దారి మధ్యలో ఉంటే అది ఏ దిక్కుకు పోతోందో అటే, రోడ్డు దాటించి గట్టు పక్కన వదిలేయాలి. ఇంటికి తేవడం రక్షణ కాదు.

పుట్టిన మొదటి కొద్ది రోజులు పిల్ల తిండి ముట్టకపోవచ్చు. గుడ్డులోని పచ్చసొన సంచి దాని కడుపులోకి చేరి ఆహారంగా ఉపయోగపడుతూ ఉంటుంది. ఒక్కోసారి ఆ సంచి కొసభాగం అడుగు చిప్ప మధ్యలో కనిపిస్తుంది. దాన్ని పుండు అనుకొని గిల్లడం, మందు పూయడం ప్రాణాంతకం. తడిపిన మెత్తని శుభ్రమైన గుడ్డ మీద పిల్లను ఉంచితే అది తనంతట లోపలికి పోతుంది.

జబ్బు అని ఎలా తెలుస్తుంది

తాబేలు తన బాధను బయటికి చెప్పదు. అరవదు, మూలగదు. జబ్బు పైకి కనిపించే నాటికి లోపల చాలా ముదిరి ఉంటుంది. అందుకే చిన్న గుర్తును కూడా తేలికగా తీసుకోరాదని పశువైద్యులు చెబుతారు.

అన్నిటిలో తరచుగా కనిపించేది, అన్నిటికంటె తొందరగా ముంచుకొచ్చేది శ్వాసకోశ వ్యాధి. ముక్కు రంధ్రాల దగ్గర బుడగలు, జిగట నీరు, మెడ ముందుకు చాచి నోరు తెరిచి గాలి పీల్చడం, ఊపిరితో పాటు టిక్ టిక్‌మని చప్పుడు దాని లక్షణాలు. మనిషికి ఛాతీకీ కడుపుకూ మధ్య ఉండే కండర పొర తాబేలుకు ఆ రూపంలో లేదు. అది దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. చేరిన కఫం ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతుంది. మనిషికి జలుబు నాలుగు రోజుల్లో పోయినట్టు దీనికి పోదు. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్న పిల్లను అదే రోజు వైద్యుని దగ్గరకు చేర్చవలసిందే. అయితే ఒక్క విషయం: ముట్టుకోగానే తల లోపలికి లాక్కుంటూ బుస్సుమని చప్పుడు చేయడం జబ్బు కాదు. లోపలికి ముడుచుకొనేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి బయటికి పోయే శబ్దం అది.

కళ్లు లోపలికి గుంటలు పడి, చర్మం ముడతలు పడి ఉంటే శరీరంలో నీరు తగ్గిందని అర్థం. కళ్లు ఉబ్బి రెప్పలు అంటుకొని ఉంటే ఏ విటమిన్ లోపమో, కంటి ఇన్ఫెక్షనో కారణం కావచ్చు. మూత్రంతో పాటు తెల్లని ముద్దలాంటిది పడితే కంగారు అక్కర్లేదు. నీటిని పొదుపుచేసుకొనే ప్రాణులు వ్యర్థాన్ని ఆ రూపంలోనే విసర్జిస్తాయి. అది ఇసుకలా గరుకుగా, గట్టిగా మారితే మాత్రం నీరు చాలడం లేదని, మూత్రాశయంలో రాయి కట్టే ప్రమాదం ఉందని గుర్తించాలి.

డిప్ప సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చాలామంది దాన్ని గోరులాంటిదో, పైన తొడిగిన కవచమో అనుకుంటారు. డిప్ప సజీవమైన ఎముక. పక్కటెముకలూ వెన్నెముకా దానితో కలిసిపోయి ఉంటాయి. అందులో రక్తం ప్రవహిస్తుంది, నొప్పి తెలుస్తుంది. పగిలిన డిప్ప విరిగిన ఎముకతో సమానం. కొత్తగా పుట్టిన పిల్ల డిప్ప కాస్త మెత్తగా ఉండటం సహజమే. నెలలు గడిచినా వేలితో నొక్కితే లోపలికి దిగుతుంటే, దవడ మెత్తబడితే, నడిచేటప్పుడు కాళ్లు ఈడుస్తుంటే అది కాల్షియం, విటమిన్ డి లోపం వల్ల వచ్చే ఎముకల వ్యాధి. ఇంట్లో గాజు తొట్టెలో పెంచే పిల్లలకు ఇది సాధారణం. కిటికీ అద్దంలోంచి వెలుతురు వస్తోంది కదా అని అనుకుంటారు. చర్మంలో విటమిన్ డి తయారుకావడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను మామూలు అద్దం చాలావరకు ఆపేస్తుంది.

మొదటి కొన్ని గంటలు

అటవీ సిబ్బంది గానీ వైద్యుడు గానీ అందుబాటులోకి వచ్చేలోగా ఇంట్లో చేయవలసినది వెచ్చగా ఉంచడం. తాబేలు తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. పరిసరాల వేడి మీదే దాని జీర్ణశక్తి, రోగనిరోధక శక్తి, చివరికి మందు పనిచేసే తీరు కూడా ఆధారపడతాయి. వానాకాలం రాత్రి నేల మీద, ఏసీ గదిలో ఉంచిన పిల్లకు ఎంత మంచి మందు ఇచ్చినా ఫలితం తక్కువే. గాలి ఆడేందుకు రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, ఒక పక్క గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టాలి. సుమారు 28 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వేడి సరిపోతుంది. వేడి ఎక్కువైతే దూరంగా జరగడానికి రెండో పక్క చోటు ఉండాలి. ఎండలో పెట్టకూడదు. అరచేతిలో పట్టే పిల్లకు నీడ లేని ఎండ కొద్ది నిమిషాలలోనే ప్రాణం మీదకు తెస్తుంది.

రెండోది నీరు. వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీరు, పిల్ల నిలబడితే గడ్డం కిందికి వచ్చేంత మాత్రమే పోసి, పది పదిహేను నిమిషాలు అందులో ఉంచాలి. అది తలవంచి తాగుతుంది. తరచుగా అదే నీటిలో మల విసర్జన చేస్తుంది, అదీ మంచిదే. అంతసేపూ మనిషి పక్కనే ఉండాలి. తల నిలపలేనంత నీరసంగా ఉన్న పిల్లను, డిప్ప పగిలిన పిల్లను నీటిలో పెట్టకూడదు. పగులు గుండా నీరు శరీరంలోకి చేరుతుంది.

గాయం ఉంటే మందుల దుకాణంలో దొరికే సెలైన్‌తో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కప్పాలి. దూది వద్దు, అతుక్కుపోతుంది. పసుపు, సున్నం, కిరోసిన్, కొబ్బరినూనె, ఫెవిక్విక్, ఎం సీల్ ఇవేవీ వద్దు. పగిలిన డిప్పను ఇంట్లో జిగురుతో అతికించడం చక్కని పనిలా తోస్తుంది గానీ, లోపల మురికిని బిగించి సీలు వేసినట్టే అవుతుంది. ఈగలు వాలకుండా పెట్టె మీద దోమతెర గుడ్డ కప్పాలి. ఈగ వాలిన పుండులో ఒక్క రోజులో పురుగు పడుతుంది. పిల్లను వెల్లకిలా తిప్పి పరీక్షించే సరదా మానుకోవాలి.

తిండి విషయంలో తొందర అనవసరం. నీరు తగ్గి, ఒళ్లు చల్లబడిన తాబేలు తిన్నది అరిగించుకోలేదు. నోరు తెరిచి బలవంతంగా పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అసలు పాలు, పెరుగన్నం, బ్రెడ్డు, కోడిగుడ్డు, కుక్కల బిస్కెట్లు దానికి ఆహారమే కావు. గడ్డి, ఆకులు, పూలు, నేల రాలిన పండ్లు, నాగజెముడు కాయలు తిని బతికే జాతి అది. పిల్ల వెచ్చబడి, తనంతట నడవడం మొదలుపెడితే లేత గరిక, మందార ఆకులు, మందార పూలు, మల్బరీ ఆకులు సన్నగా తరిగి ముందు పెట్టవచ్చు. తినకపోతే వదిలేయాలి. పాలకూర మంచిదని చాలామంది పెడతారు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనీయవు.

కదలకుండా పడి ఉన్న పిల్లను చూసి చనిపోయిందని తీర్మానించడానికి తొందరపడకూడదు. చలికి బిగుసుకుపోయిన తాబేలుకూ ప్రాణం పోయిన తాబేలుకూ తేడా కంటికి కనబడదు. కాసేపు వెచ్చబరచి చూడాలి.

చేతులు సబ్బుతో కడుక్కోవడం మరచిపోకూడదు. ఆరోగ్యంగా కనిపించే తాబేళ్ల పేగుల్లోనూ సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉంటాయి. డిప్ప నాలుగు అంగుళాల లోపు ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లో నిషేధించడానికి కారణం పసిపిల్లలకు ఆ జబ్బు సోకడమే. అయిదేళ్ల లోపు పిల్లలను, గర్భిణులను, వృద్ధులను దాన్ని ముట్టుకోనివ్వకూడదు. వంటగది సింకులో దాన్ని కడగరాదు.

కేసు భయం, చట్టం మాట

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నక్షత్ర తాబేలుకు ముందు నుంచే రక్షణ ఇస్తున్నదే. అయితే చాలాకాలం అది నాలుగో షెడ్యూలులో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్లను తిరగరాసినప్పుడు మొదటి షెడ్యూలులోకి చేర్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సవరణ అమలులో ఉంది. పులికి ఏ స్థాయి రక్షణో కాగితం మీద ఇప్పుడు దీనికీ అదే. దీన్ని పట్టడం, అమ్మడం, పెంచుకోవడం నేరం. మొదటి షెడ్యూలు ప్రాణుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, పాతిక వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. అంతర్జాతీయంగా 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సదస్సు దీన్ని మొదటి అనుబంధంలో చేర్చి, దేశాల మధ్య వాణిజ్యాన్ని నిలిపివేసింది.

ఈ అంకెలు వినగానే సామాన్యుడికి గుండె జారడం సహజం. కానీ ఇదే చట్టంలోని 39వ సెక్షన్‌ను చివరిదాకా చదివితే ధైర్యం వస్తుంది. వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి అని చెబుతూనే, అది ఏ విధంగానైనా ఎవరి చేతికైనా వస్తే 48 గంటలలోగా దగ్గరలోని పోలీసు స్టేషన్‌కు గానీ, అధీకృత అధికారికి గానీ తెలియజేయాలని, అడిగితే అప్పగించాలని ఆ సెక్షన్ నిర్దేశిస్తోంది. అంటే జబ్బుపడిన పిల్లను చేరదీసి, అదే రోజు సమాచారం ఇచ్చిన మనిషి చట్టం చెప్పిన పని చేసినట్టే. దాచి ఉంచితేనే చిక్కు. చనిపోయిన ప్రాణి విషయమూ అంతే. పెరట్లో పాతిపెట్టి మిన్నకుండటం కాకుండా సమాచారం ఇవ్వాలి.

ఆ 48 గంటలు చట్టం ఇచ్చిన గడువు. తాబేలు పిల్ల ఊపిరికి అంత గడువు లేదు. వీలైతే మొదటి గంటలోనే ఫోన్ చేయాలి.

ఎవరికి? పల్లెలో అయితే అటవీ బీట్ అధికారి లేదా సెక్షన్ అధికారి, పట్టణంలో అయితే రేంజ్ కార్యాలయం, జిల్లా అటవీ అధికారి కార్యాలయం. వారి నంబర్లు తెలియకపోతే 112కు ఫోన్ చేసి పోలీసుల ద్వారా అటవీ శాఖకు తెలియజేయమని కోరవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పశువుల సంచార వైద్య సేవలకు 1962 నంబరు ఉంది. అది ప్రధానంగా పెంపుడు జంతువులకూ పాడి పశువులకూ ఉద్దేశించినది. వన్యప్రాణి అయినా దగ్గరలోని వైద్యుని ఆచూకీ కోసం దానికి ఫోన్ చేసి చూడవచ్చు. ఫోన్ చేసిన సమయం, మాట్లాడిన అధికారి పేరు, హోదా ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. పిల్ల ఫోటో తీసి సందేశంగా పంపితే ఆ సందేశమే సమాచారం ఇచ్చారనడానికి ఆధారం. ఆ ఫోటోను వాట్సాప్ బృందాలలో, సామాజిక మాధ్యమాలలో మాత్రం పెట్టకూడదు. కొనడానికి కాచుకొని ఉన్నవారు కూడా అక్కడే చూస్తుంటారు.

అటవీ శాఖ పిల్లను తీసుకొన్న తరువాత చికిత్స సాధారణంగా జంతుప్రదర్శనశాలల వైద్యుల చేతుల్లోనో, పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనో జరుగుతుంది. హైదరాబాద్‌లో నెహ్రూ జూ, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, విశాఖపట్నంలో ఇందిరా గాంధీ జూ, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర జూ, పశువైద్య విశ్వవిద్యాలయం, కోస్తా మధ్య జిల్లాల వారికి గన్నవరం కళాశాల ఆ దారిలో చెప్పుకోదగినవి. నేరుగా జూ గేటు దగ్గరకు పెట్టె పట్టుకొని వెళ్లడం కంటె అటవీ శాఖ ద్వారా వెళ్లడమే దారి.

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి ఆలయానికి భక్తులు నక్షత్ర తాబేళ్లను తెచ్చి సమర్పించే ఆనవాయితీ ఉంది. ఆ భక్తిని శంకించనక్కర్లేదు. కాని జబ్బుపడిన పిల్లను గుడికి చేర్చడం వైద్యం కాదు. పైగా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ప్రాణులు గుమిగూడిన చోట ఒకదాని జబ్బు మరొకదానికి సోకుతుంది.

ఇంట్లో విదేశీ జాతి తాబేలు ఉన్నవారి సంగతి వేరు. ఆఫ్రికా సల్కాటా వంటి సైటిస్ జాబితాలోని జీవులను పెంచేవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నియమాలు జారీ చేసింది. అవి జబ్బుపడితే ఏ ప్రైవేటు వైద్యునికైనా చూపించవచ్చు.

వైద్యుని ముందు

మన పశువైద్యులలో అధికశాతం ఆవులు, గేదెలు, మేకలు, కోళ్లు, పట్టణాలలో కుక్కలు, పిల్లుల వైద్యంలో ఆరితేరినవారు. సరీసృపాలను తరచుగా చూసేవారు కొద్దిమందే. అది వారి తప్పు కాదు. తెలియదని నిజాయతీగా చెప్పి మరొకరి దగ్గరకు పంపేవారు మేలు. ఆ హైదరాబాద్ వైద్యశాల చేసిన లోపం వైద్యం చేయకపోవడం కాదు, ఎక్కడికి వెళ్లాలో చెప్పకపోవడం.

అనుభవం లేని చోట చూపించక తప్పనప్పుడు గుర్తుంచుకోవలసిన మాట ఒకటి ఉంది. పశువులకు, మేకలకు, కుక్కలకు పురుగుల మందుగా విరివిగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు విషం. చిన్న మోతాదులోనే పక్షవాతం వచ్చి ప్రాణం పోతుంది. సూది పట్టుకొన్న వైద్యునికి ఈ సంగతి గుర్తు చేయడానికి మొహమాటపడకూడదు. అలాగే తాబేలు వెనుక కాళ్ల నుంచి వచ్చే రక్తం మూత్రపిండాల మీదుగా పోవచ్చు గనుక, సూదులు సాధారణంగా ముందు కాళ్ల వైపే వేస్తారు.

మోతాదంతా బరువు మీద ఆధారపడుతుంది. పాతిక గ్రాముల పిల్లకు అయిదు గ్రాముల తేడా అంటే అయిదో వంతు మందు తేడా. కూరగాయల కాటా దీనికి పనికిరాదు. గ్రాముల్లో చూపే డిజిటల్ తూకం కావాలి. ఇంట్లో లేకపోతే బంగారు నగల దుకాణంలో ఉంటుంది. రోజూ ఒకే వేళకు తూచి రాసిపెట్టిన అంకెలు వైద్యునికి ఎంతో ఉపయోగం. తిండి తింటున్నా బరువు తగ్గుతుంటే లోపల పురుగులున్నాయనో, మరేదో వ్యాధి ఉందనో అనుమానిస్తారు. తాజా మలం చిన్న డబ్బాలో పట్టుకెళ్తే సూక్ష్మదర్శినితో చూస్తారు.

చికిత్స కొద్ది రోజులలో ముగియదు. శ్వాసకోశ వ్యాధికి మందు వారాల తరబడి సాగుతుంది. ముక్కు ఆరిపోయింది కదా అని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. పగిలిన డిప్ప పూర్తిగా కూడుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది.

దొరికిన చోటే దాని చిరునామా

వైద్యునికి బరువు ఎంత ముఖ్యమో, అటవీ శాఖకు పిల్ల దొరికిన చోటు అంత ముఖ్యం. ఏ ఊరు, ఏ చేను, ఏ గట్టు అన్నది ఫోన్‌లో లొకేషన్‌తో సహా నమోదు చేయించాలి. నక్షత్ర తాబేళ్లు వాయవ్య భారతంలోనూ పాకిస్తాన్ సింధ్‌లోనూ ఒక సమూహంగా, ఆగ్నేయ భారతంలో ఒకటిగా, శ్రీలంకలో మరొకటిగా విడివిడిగా జీవిస్తున్నాయి. చూడటానికి ఒకలా ఉన్నా వాటి జన్యువులలో తేడాలున్నాయి. సింగపూర్‌లో పట్టుబడి వెనక్కి వచ్చిన తాబేళ్ల స్వస్థలం ఏదో తేల్చడానికి హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు వాటి డీఎన్ఏను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కడివో తెలియని తాబేళ్లను కనబడిన అడవిలో వదిలితే అక్కడి సంతతి కలుషితమవుతుంది. మనుషుల మధ్య, ఇతర తాబేళ్ల మధ్య గడిపిన ప్రాణి కొత్త రోగాలను కూడా అడవికి మోసుకుపోవచ్చు. కోలుకొన్నదని మనంతట మనమే వదలకూడదని చెప్పడానికి కారణాలు ఇవే.

ఇంత జాగ్రత్త అవసరమా అని అనిపించవచ్చు. ఒక్క పిల్లే కదా అని కూడా అనిపించవచ్చు. 2015లో వెలువడిన ఒక అధ్యయనం, మన దేశంలోని ఒకే ఒక అక్రమ వ్యాపార కేంద్రం ద్వారా ఏడాదిలో కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లను అడవి నుంచి పట్టి తరలించారని లెక్కగట్టింది. ఎక్కువగా పట్టేది పిల్లలనే. కాళ్లు కదలకుండా టేపు చుట్టి, పెట్టెల అడుగున కుక్కి విమానాలు ఎక్కిస్తారు. పట్టుబడినవి నీరు లేక, ఊపిరాడక సగం చచ్చి అధికారుల చేతికి వస్తాయి. సింగపూర్ నుంచి 2018 నవంబరులో 51 తాబేళ్లు తిరిగి భారత్‌కు చేరాయి. ఇంట్లో ఉంటే కలిసివస్తుందన్న నమ్మకం ఈ వ్యాపారానికి ఎరువు. పోతే, ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2016 నుంచి ముప్పు ముంగిట ఉన్నవాటిలో చేర్చింది. పిల్ల పెద్దదై గుడ్లు పెట్టే వయసు రావడానికి ఏళ్లు పడుతుంది. పోయిన దాని లోటును అడవి అంత త్వరగా పూడ్చుకోలేదు.

ఆ హైదరాబాద్ కుటుంబం ఆ రాత్రి చెరువు దగ్గరకు వెళ్లలేదు. బకెట్‌లోంచి తీసి, తువ్వాలు పరిచిన చెప్పుల పెట్టెలోకి మార్చి, పక్కన వెచ్చని నీళ్ల సీసా పెట్టి, 112కు ఫోన్ చేశారు. మరుసటి ఉదయం అటవీ సిబ్బంది వచ్చి రసీదు రాసి తీసుకెళ్లారు. ఎక్కడ దొరికిందో పిల్లవాడినే అడిగారు. అమ్మమ్మగారి వేరుసెనగ చేను, బోరుబావికి పడమట, నాగజెముడు కంచె కింద అని వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకొన్నారు. నాలుగు నెలల మందుల తరువాత దాని బరువు రెట్టింపయిందని, వానలు పడగానే ఆ చేను దగ్గరి అడవిలో వదిలే ఆలోచన ఉందని వారికి కబురు వచ్చింది.